పాత ఆటల పెట్టె: ఎన్యో నుంచి మళ్లీ

పోయిన నెల ఈ శీర్షికలో ఒక ముక్క రాశాను, ముప్పై ఏళ్ల తర్వాత ‘వింగ్ కమాండర్’ మళ్లీ మొదలుపెట్టానని. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందుకే ఈ నెల మిగతా ఆటల ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, అంతరిక్షంలో కొట్లాడే ఆటల గురించే జవాబులు రాస్తున్నాను.

ఆ ఆట పేరు విననివాళ్ల కోసం రెండు మాటలు. అది 1990లో ఆరిజిన్ సిస్టమ్స్ అనే సంస్థ తెచ్చిన కంప్యూటర్ గేమ్. దాన్ని రూపొందించిన క్రిస్ రాబర్ట్స్‌కి అప్పటికి ఇరవై రెండేళ్లు. కథ 2654లో జరుగుతుంది. టైగర్స్ క్లా అనే విమానవాహక నౌకలో మనం ఒక కొత్త పైలట్‌మి. అవతల కిల్రాతీలనే పిల్లి ముఖాల శత్రువులు.

ప్రశ్న: మేడమ్, మీరు రాసింది చదివి నేనూ వింగ్ కమాండర్ కొన్నాను. చిన్నప్పుడు దాని కోసం నిద్ర మానుకున్న మనిషిని. ఇప్పుడు అరగంట కూడా ఆడలేకపోయాను. శత్రువు కనబడేలోపే చచ్చిపోతున్నాను. మనుషుల ముఖాలు ఎవరో పైనుంచి నొక్కినట్టున్నాయి. దగ్గరికొస్తే ఓడలు గళ్లు గళ్లుగా విడిపోతున్నాయి. మనసు చివుక్కుమంది. పెద్దయ్యాక ఇలాంటివి ముట్టుకోకూడదా?

ముట్టుకోండి. కాకపోతే తీర్పు చెప్పే ముందు ఒక్క మాట వినండి. మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో రెండు ఆటవి కావు. మీ కంప్యూటర్ ఆ ఆటను తప్పుగా చూపిస్తోంది.

మొదటిది వేగం. ఈ రోజు వచ్చే ఆటలు గడియారం చూసుకుని నడుస్తాయి. కంప్యూటర్ ఎంత వేగంగా ఉన్నా ఓడ సెకనుకు కదలాల్సినంతే కదులుతుంది. వింగ్ కమాండర్‌కి ఆ ఏర్పాటు లేదు. ప్రాసెసర్ ఎంత తొందరగా లెక్క తేలిస్తే ఆట అంత తొందరగా పరిగెడుతుంది. అప్పట్లో 286 యంత్రంలో నత్తలా నడిచేది, 386లో హాయిగా ఉండేది, ఆ తర్వాతి తరం యంత్రాల్లో అదుపు తప్పేది. మీరు ఇప్పుడు ఆడుతున్నది డాస్‌బాక్స్ మీదే అయ్యుంటుంది. అది పాత డాస్ కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్. అందులో సైకిల్స్ అనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని 3000 దగ్గర పెట్టి చూడండి. ఇంకా తొందరగా ఉంటే కంట్రోల్, ఎఫ్11 కలిపి నొక్కితే తగ్గుతుంది, కంట్రోల్, ఎఫ్12తో పెరుగుతుంది. అంకె చూసి ఆగిపోకండి. మలుపు తిరుగుతున్నప్పుడు శత్రువు ఓడని మీ కన్ను అందుకోగలుగుతోందా, అది చూసుకోండి. నాకు ఇది కుదరడానికి ఒక సాయంత్రం పట్టింది. కుదిరిన క్షణం మాత్రం చేతికి వెంటనే తెలిసిపోయింది.

రెండోది ముఖాలు. ఆ ఆట బొమ్మలు అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 200 చుక్కలు. లెక్క ప్రకారం ఇది వెడల్పాటి బొమ్మ. కానీ అప్పటి మానిటర్లు నాలుగుకి మూడు కొలతలో ఉండేవి కాబట్టి ఆ 200 వరసలనూ నిలువుగా సాగదీసి తెరంతా నింపేవి. అంటే ఒక్కో చుక్క చదరంగా ఉండదు, వెడల్పు కన్నా ఎత్తు ఐదో వంతు ఎక్కువ. బొమ్మలు గీసినవాళ్లు ఆ సాగుడు లెక్కలో పెట్టుకునే గీశారు. ఇప్పటి తెర వాటిని చదరపు చుక్కలుగా చూపిస్తే ముఖాలు అణిగిపోతాయి. డాస్‌బాక్స్‌లో ఆస్పెక్ట్ అనే సెట్టింగ్‌ని ట్రూ అని మార్చండి. మనకి మిషన్లు అప్పజెప్పే కల్నల్ హాల్సియన్ పొట్టివాడైపోయాడు చూశారా, మళ్లీ నిటారుగా నిలబడతాడు.

మూడోది మాత్రం నిజమే, గళ్లు గళ్లుగానే ఉంటాయి. ఒక్కో ఓడకి చాలా కోణాల్లో బొమ్మలు ముందే తయారుచేసి పెట్టుకున్నారు. అది మనకి ఏ కోణంలో ఉందో చూసి సరిపోయే బొమ్మని తీసి, దూరాన్ని బట్టి పెద్దదో చిన్నదో చేసి చూపిస్తారు. అప్పటికి త్రీడీ ఓడలతో ఆటలు ఉన్నాయి. కానీ అవి గీతలతోనో, ఒకే రంగు పులిమిన పలకలతోనో ఉండేవి. కవచం మీద నీడ, రెక్క మీద మచ్చ కావాలంటే ఆ రోజుల్లో ఇదే దారి. దూరంగా ఉన్న ద్రాల్తీ అనే కిల్రాతీ ఓడ పక్కకి ఒరిగినప్పుడు ఒకసారి చూడండి. ఇప్పటికీ అందంగానే ఉంటుంది.

మొదటి రెండూ సరిచేసుకుని ఇంకో అరగంట ఆడండి. అప్పటికీ మనసుకి పట్టకపోతే పక్కన పెట్టేయండి, ఆ పని చేసే హక్కు మీకుంది. ఇంకో సాయం కూడా చెబుతాను. గ్రహశకలాల మధ్యకి వెళ్లినప్పుడు వేగం తగ్గించండి. మీరు శత్రువు కనబడేలోపే చచ్చిపోతున్నానన్నారు చూశారా, మిమ్మల్ని చంపింది కిల్రాతీ కాదు, రాయి అయ్యుంటుంది.

ప్రశ్న: అక్కా, నేను ఈ ఆటని చిన్నప్పుడు పూర్తిచేశాను. కానీ ఓడిపోయిన ప్రతిసారీ పాత సేవ్ నుంచి లోడ్ చేసుకునేదాన్ని. ఓడితే కథ వేరే దారి పడుతుందని ఈమధ్యే విన్నాను. నిజమేనా? ఆ దారి చూడటం కోసం కావాలని ఓడిపోవాలా?

ఈ ఉత్తరం చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. ఎందుకంటే మేమూ సరిగ్గా అదే చేశాం.

ముందు మీ ప్రశ్నకి జవాబు. నిజమే. కథ ఎన్యో అనే నక్షత్ర మండలంలో మొదలవుతుంది. అక్కడి నుంచి ముందుకెళ్లే కొద్దీ ఒక్కో మండలంలో కొన్ని మిషన్లు ఉంటాయి. ఒక్క మిషన్ పోయినంత మాత్రాన దారి మారదు. ఆ మండలంలో మొత్తం మీద ఎంత సాధించామన్నదాన్ని బట్టి నౌక తర్వాత ఎక్కడికి వెళ్లాలో తేలుతుంది. బాగా ఆడితే శత్రువు వైపు చొచ్చుకుపోతాం, లేకపోతే వెనక్కి తగ్గుతూ కాపాడుకునే పనులు చేస్తాం. గెలుపు దారి వెనిస్ అనే చోట కిల్రాతీల స్థావరం మీద దాడితో ముగుస్తుంది. ఓటమి దారి హెల్స్ కిచెన్ అనే చోటికి చేరి, యుద్ధం జరిగే వేగా సెక్టార్ వదిలేసి వెళ్లిపోవడంతో ఆగుతుంది. మధ్యలో తేరుకుని గెలుపు దారిలోకి రావచ్చు కూడా. అంటే ఆ ఆట తయారుచేసినవాళ్లు మన ఓటమి కోసం కూడా మిషన్లు రాశారు, మాటలు రాశారు. మనం లోడ్ నొక్కి వాటిని చూడకుండా పోయాం.

మా ఇంట్లో ఆట ఎలా ఉండేదో చెబుతాను. జాయ్‌స్టిక్ అన్నయ్యది, కీబోర్డు నాది. అతను పదిహేనేళ్లవాడు, నేను పదకొండేళ్లదాన్ని. అతను ఓడ తిప్పుతాడు, తుపాకీ కాలుస్తాడు. నేను ‘టీ’ నొక్కి గురి మారుస్తాను, ట్యాబ్ నొక్కి ఓడని ఒక్కసారిగా పరిగెత్తించే ఆఫ్టర్‌బర్నర్ ఇస్తాను, ‘సీ’ నొక్కి రేడియోలో పక్క పైలట్‌తో మాట్లాడతాను. ‘వెళ్లి కొట్టు’, ‘నా పక్కకి రా’ అనే ఆజ్ఞలన్నీ నావే. శత్రువుని తిట్టే మాట కూడా ఒకటుంది, అదంటే నాకు చాలా ఇష్టం. తిడితే అతను మిగతావాళ్లని వదిలి మన మీదకి వస్తాడు.

మొదటి మిషన్‌లో మనకి హార్నెట్ అనే చిన్న ఓడ ఇస్తారు, తోడుగా స్పిరిట్ వస్తుంది. ఆమె అసలు పేరు మరికో తనాకా. నెమ్మదైన మనిషి, చెప్పిన మాట వింటుంది. తర్వాత మేనియాక్ అనే కుర్రాడు తోడొస్తాడు, అతను ఏ ఆజ్ఞా వినడు, అందుకే స్పిరిట్ విలువ తర్వాత తెలుస్తుంది. ఆమెతో రేడియోలో మాట్లాడేదాన్ని నేను కాబట్టి ఆమె నా మనిషి అనుకునేదాన్ని. ఆమె ఓడ పేలిపోతే నేను ఏమీ అనకముందే అన్నయ్య ఆట ఆపేసి మళ్లీ లోడ్ చేసేవాడు. మేం చచ్చిపోతే శవపేటికని అంతరిక్షంలోకి వదిలే అంత్యక్రియల దృశ్యం వచ్చేది. అది మాకు కంఠతా వచ్చు. కానీ ఆమె లేకుండా ఆట ఎలా సాగుతుందో మాకు తెలియదు. ఒక్కసారి కూడా చూడలేదు.

ఈసారి నేను ఒక్కదాన్నే కూర్చున్నాను, జాయ్‌స్టిక్కూ కీబోర్డూ రెండూ నావే. వేగం, తెర అన్నీ సరిచేసుకుని ఎన్యో మొదటి మిషన్‌కి బయల్దేరాను. రెండు చేతుల పని ఒక్కదాన్నే చేయడం అలవాటు లేదు. ఒక ఓడని వెంటాడుతూ స్పిరిట్‌కి ఏ ఆజ్ఞా ఇవ్వకుండా చాలాసేపు వదిలేశాను. చూసేసరికి ఆమె వెనక రెండు ఓడలున్నాయి. ‘సీ’ నొక్కాను, ఏ వరస ఎంచుకోవాలో చదువుకుంటున్నాను. అంతలో ఆమె ముఖం చిన్న తెర మీద కనబడింది. అంతే, పోయింది.

చెయ్యి అలవాటుగా కదిలింది, ఆట మూసి లోడ్ చేద్దామని. ఆపుకున్నాను. గస్తీ పూర్తిచేసి నౌకకి తిరిగొచ్చాను, కల్నల్ ముందు ఒంటరిగా నిలబడ్డాను. నిద్రపోయే గదిలోకి వెళ్లి, మంచం మీద నొక్కి, ఆమె లేని ఆటనే సేవ్ చేశాను. రెండో మిషన్‌లో కూడా ఆమే నాతో రావాలి. డ్రేమన్ అనే రవాణా నౌకని కాపాడుతూ తీసుకెళ్లాలి. బదులుగా ఇంకెవర్నీ ఇవ్వలేదు. ఒక్కదాన్నే వెళ్లాను. ‘సీ’ నొక్కితే నా ఆజ్ఞ వినేవాళ్లు లేరు.

ఆ రాత్రి అన్నయ్యకి ఫోన్ చేశాను. ‘స్పిరిట్ పోయింది’ అన్నాను. అతను ఇన్నేళ్లలో ఆ ఆట పేరెత్తలేదు. అయినా ఎవరని అడగలేదు. ‘ఎక్కడ?’ అన్నాడు. ‘ఎన్యోలో, మొదటి దాంట్లోనే’ అన్నాను. ‘మరి లోడ్ చెయ్’ అన్నాడు. చెయ్యనన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘లేకపోతే ఏమవుతుంది?’ అని అడిగాడు, మీరు అడిగినట్టే.

కాబట్టి కావాలని ఓడిపోకండి. కావాలని ఓడితే అది మీ చేతి పనే అవుతుంది, అందులో భయం ఉండదు. శక్తి కొద్దీ ఆడండి, జరిగినదాన్ని జరిగినట్టు వదిలేయండి. ప్రతి మిషన్ తర్వాత సేవ్ చేయండి, కానీ దాన్ని కంప్యూటర్ ఆపి మర్నాడు కొనసాగించడానికి మాత్రమే వాడండి. ఒకే ఒక్క సడలింపు ఇవ్వగలను. మీరే చచ్చిపోతే ఆట అక్కడితో అయిపోతుంది కాబట్టి లోడ్ చేసుకోక తప్పదు. అంతవరకూ రాకుండా కంట్రోల్, ‘ఈ’ నొక్కితే ఓడలోంచి బయటికి దూకేయొచ్చు. అలా దూకి బతికినందుకు గోల్డెన్ సన్ అనే పతకం కూడా ఇస్తారు. చిన్నప్పుడు మేం ఆ పతకం చూడనే లేదు, దూకడం పిరికితనం అనుకునేవాళ్లం.

కురసావా మండలంలో ఒక మిషన్ ఉంది. మనవాళ్లు శత్రువు నుంచి పట్టుకున్న రలారీ అనే యుద్ధనౌకని కాపాడాలి. ఈ ఆట ఆడినవాళ్లెవరినైనా అడగండి, ఆ పేరు వినగానే నిట్టూరుస్తారు. మేం దాన్ని ఎన్నిసార్లు లోడ్ చేశామో లెక్కలేదు. అక్కడికి చేరితే మీరు ఏం చేశారో నాకు తప్పకుండా రాయండి.

ప్రశ్న: మా నాన్నగారి బీరువాలో పాత ఆటల ఫ్లాపీలు దొరికాయి, పెద్దవీ చిన్నవీ రెండు రకాలు. ఇప్పుడు వాటిని చదవగలమా?

చదవగలిగే అవకాశం ఉంది, కానీ తొందరపడకండి. ముందు వెలుతురులో పెట్టి చూడండి. అయస్కాంతపు పొర మీద బూజు మచ్చలు ఉంటే ఏ డ్రైవ్‌లోనూ పెట్టొద్దు. ఆ బూజు చదివే తలకి అంటుకుని, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీలని కూడా గీసేస్తుంది.

తర్వాత రాత రక్షణ పెట్టుకోండి, అంటే పొరపాటున ఫ్లాపీ మీద కొత్తగా ఏదీ రాయకుండా. ఈ రెండు రకాలకీ పద్ధతి తలకిందులుగా ఉంటుంది, చాలామంది ఇక్కడే పొరబడతారు. చిన్నవాటిలో, అంటే మూడున్నర అంగుళాల వాటిలో, మూల ఉన్న చిన్న పలకని జరిపి కన్నం తెరిస్తే రక్షణ. పెద్దవాటిలో, అంటే ఐదుంపావు అంగుళాల వాటిలో, పక్కనున్న గాడిని మూసేస్తే రక్షణ.

చిన్నవాటికి యూఎస్‌బీ డ్రైవ్‌లు దొరుకుతాయి. పెద్దవాటికి అలాంటివి లేవు. పాత డ్రైవ్ ఒకటి సంపాదించి, గ్రీజ్‌వీజిల్ లాంటి చిన్న బోర్డు ద్వారా ఇప్పటి కంప్యూటర్‌కి కలపాలి. ఆ బోర్డు ఫైళ్లని కాకుండా, పొర మీది అయస్కాంత మార్పులనే యథాతథంగా రికార్డు చేస్తుంది. మీ చేత కాదనిపిస్తే చేతనైనవాళ్లకి ఇవ్వండి. ఏదైనా సరే, మొదటిసారి చదివేటప్పుడే మొత్తం డిస్క్‌ని ఒక ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా, దించేయండి. ఫైళ్లు ఒక్కొక్కటిగా తెరిచి చూసుకోవడం తర్వాత. ఇన్నేళ్ల పొర రెండోసారి చదవనివ్వకపోవచ్చు.

ఆటలు మళ్లీ కొనుక్కోవచ్చు, వింగ్ కమాండర్ మొదటి రెండు భాగాలూ గాగ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో అమ్ముతున్నారు. మీ ఫ్లాపీల్లో మళ్లీ దొరకనిది ఒకటే, మీ నాన్నగారి సేవ్ ఫైళ్లు. పైలట్‌కి ఆయన ఏ పేరు పెట్టుకున్నారో వాటిలోనే ఉంటుంది. వాటి కోసమైనా ఈ శ్రమ పడండి.

ప్రశ్న: నేను భౌతికశాస్త్రం చదువుతున్నాను. ఈ ఆటల్లో ఓడలు విమానాల్లా మలుపు తిరుగుతాయి, పేలితే చప్పుడు వస్తుంది. శూన్యంలో రెండూ జరగవు కదా. తెలిసి చేశారా, తెలియక చేశారా?

తెలిసే చేశారు. ఇంకో సంగతి, అంతరిక్షపు ఆటలు మొదలైంది సరైన సూత్రాలతోనే. 1962లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పీడీపీ-1 అనే కంప్యూటర్ మీద స్టీవ్ రస్సెల్, అతని మిత్రులూ తయారుచేసిన ‘స్పేస్‌వార్’లో ఓడలకి జడత్వం ఉంది, మధ్యలో ఉన్న నక్షత్రానికి ఆకర్షణ ఉంది. 1979లో వచ్చిన ‘ఆస్టరాయిడ్స్’లో ఓడ ఒకసారి కదిలితే ఇంజన్ ఆపినా చాలాసేపు జారుతూ పోతుంది. అలా మొదలైన ఆటలు కొట్లాట కోసం ఆ సూత్రాలని పక్కన పెట్టాయి.

ఎందుకో మీరే లెక్క వేసి చూడండి. ఓడ సెకనుకు 1000 మీటర్ల వేగంతో వెళ్తోంది, ఇంజన్ సెకను సెకనుకీ 10 మీటర్ల చొప్పున వేగం మార్చగలదు అనుకుందాం. ఆగడానికే 100 సెకన్లు పడుతుంది, ఆలోగా 50 కిలోమీటర్లు ముందుకెళ్లిపోతుంది. వేగం తగ్గకుండా గుండ్రంగా తిరగాలంటే ఆ వలయం వ్యాసార్థం 100 కిలోమీటర్లు. శత్రువు కంటికి కనబడడు, వెనక చేరడమన్న మాటే ఉండదు. 1993లో వచ్చిన ‘ఫ్రాంటియర్: ఎలైట్ 2’ నిజమైన సూత్రాలని పాటించింది. గ్రహాల మధ్య ప్రయాణం అద్భుతంగా వచ్చింది. కొట్లాట మాత్రం రెండు ఓడలు ఎదురెదురుగా దూసుకొచ్చి, దాటిపోయి, మళ్లీ తిరిగి రావడంగా మిగిలింది. నాకు ఆ ఆట మీద గౌరవం ఉంది, కానీ ఆ కొట్లాట నచ్చలేదు.

వింగ్ కమాండర్ రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల పోరుని అంతరిక్షంలోకి తీసుకెళ్లింది. మలుపులో వెనక చేరడం, ముందుగా గురిపెట్టడం, పక్కవాడు కాపాడటం, అన్నీ అక్కడివే. చప్పుడు విషయంలో కూడా నేను వాళ్ల పక్షమే. కవచం ఎటువైపు దెబ్బ తిన్నదో చెవికి తెలియాలి. జార్జ్ సాంగర్, డేవ్ గోవెట్ చేసిన సంగీతం పోరులో జరిగేదాన్ని బట్టి మారుతుంది. వెనక ఎవరైనా తగులుకుంటే తెర కన్నా ముందు పాట చెబుతుంది. కళ్లు మూసుకుని వినండి, ఎవరిది పైచేయో చెప్పగలరు.

ప్రశ్న: నా కొత్త జాయ్‌స్టిక్ పాత ఆటల్లో దానంతటదే పక్కకి జారిపోతోంది. కొత్త ఆటల్లో బాగానే ఉంది. టెన్షన్‌గా ఉంది, పాడైందా?

పాడవలేదు, టెన్షన్ పడకండి. పాత జాయ్‌స్టిక్ లోపల నిరోధకం మారేది. కంప్యూటర్ ఒక కెపాసిటర్ ఎంతసేపట్లో నిండుతుందో లెక్కపెట్టి, దాన్ని బట్టి కర్ర ఎటు వంగిందో తేల్చుకునేది. ఆ లెక్క ప్రాసెసర్ వేగంతో ముడిపడి ఉండేది, అందుకే అప్పట్లో ప్రతి ఆటకీ ముందు కర్రని మూల మూలకీ తిప్పి చూపించాల్సి వచ్చేది. డాస్‌బాక్స్ ఆ పద్ధతినే అనుకరిస్తుంది. దాని సెట్టింగ్స్‌లో జాయ్‌స్టిక్ కింద టైమ్డ్ అని ఉంటుంది, దాన్ని ఫాల్స్ చేయండి. ఆ తర్వాత ఆటలో క్యాలిబ్రేషన్ మళ్లీ చేయండి. నాకు దీంతో సరిపోయింది.

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు. నాకు ఇష్టమైన ఈ రకం ఆటల్ని వాడికి పరిచయం చేద్దామనుకుంటున్నాను. వింగ్ కమాండర్‌తోనే మొదలుపెట్టనా?

వద్దు. అది మీ చిన్నతనం, వాడిది కాదు. వాడికి ‘ఫ్రీస్పేస్ 2’ ఇవ్వండి. వోలిషన్ సంస్థ 1999లో తెచ్చింది. విమర్శకులు మెచ్చుకున్నారు, అమ్మకాలు మాత్రం రాలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం అది. కానీ 2002లో దాని సోర్స్ కోడ్ విడుదల చేశారు. అప్పటి నుంచి అభిమానులే దాన్ని బాగుచేస్తూ, కొత్త యంత్రాలకి తగ్గట్టు బొమ్మలు మెరుగుపరుస్తూ వస్తున్నారు. వాడి కంటికి అది పాతదిగా అనిపించదు.

అందులో కిలోమీటర్ల పొడవున్న యుద్ధనౌకలు ఒకదాన్నొకటి కాంతి కిరణాలతో కోసుకుంటుంటాయి. మన చిన్న ఓడ వాటి మధ్య నుంచి వెళ్తుంది. నెబ్యులా పొగలో రాడార్ మిణుకుమిణుకుమంటూ సరిగ్గా పనిచేయని మిషన్లున్నాయి, అవి పగలు ఆడించండి, భయపెడతాయి. వాడికి మొదట నేర్పాల్సింది కాల్చడం కాదు, శక్తిని పంచడం. తుపాకులకి, కవచానికి, ఇంజన్‌కి ఉన్న శక్తిని ఎప్పుడు ఎటు మళ్లించాలో తెలిస్తే మిగతాది దానంతటదే వస్తుంది.

‘డిసెంట్’ కూడా మంచిదే, కానీ అందులో పైకీ కిందకీ తేడా లేకుండా సొరంగాల్లో తిరగాలి. కొందరికి కళ్లు తిరుగుతాయి. వాడికి కారులో వాంతి అయ్యే అలవాటుంటే ఇప్పుడే వద్దు.

ప్రశ్న: వింగ్ కమాండర్ మూసినప్పుడు ఆడినందుకు కృతజ్ఞతలు చెప్పేదట. దాని వెనక ఏదో కథ ఉందని విన్నాను.

ఉంది. ప్రోగ్రామర్ కెన్ డెమరెస్ట్ తర్వాతి రోజుల్లో చెప్పిన సంగతి ఇది. ఆట మూసేటప్పుడు మెమరీని చూసుకునే ప్రోగ్రామ్ నుంచి ఒక ఎర్రర్ వచ్చేదట. కారణం వెతికే టైమ్ లేదు, ఆట బయటికి పంపాలి. ఆ ఎర్రర్ వాక్యాన్నే తీసేసి, అదే చోట ‘వింగ్ కమాండర్ ఆడినందుకు కృతజ్ఞతలు’ అని రాసేశాడు. అన్నయ్యా నేనూ ఆ వాక్యం చూసి ఎంత సంతోషించేవాళ్లమో ఆయనకి తెలియదు. నిజం తెలిశాక కూడా ఆ సంతోషం నాకు తగ్గలేదు.

ప్రశ్న: మేమిద్దరం అన్నదమ్ములం, చిన్నప్పుడు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని ఇలాంటివి ఆడేవాళ్లం. ఇప్పుడు మాట్లాడుకోవడం పండక్కో పబ్బానికో. ఈ నెలాఖరుకి తమ్ముడు వస్తున్నాడు. కలిసి ఆడాలని ఉంది. ఇద్దరు ఆడేది ఏదైనా చెప్పండి మేడమ్.

ఇద్దరి కోసం తయారైన ఆట వెతక్కండి. ఒక్కరి కోసం చేసిన పాత ఆటనే ఇద్దరూ పంచుకోండి, మీరు అప్పుడు చేసిందీ అదే అయ్యుంటుంది. జాయ్‌స్టిక్ ఒకరికి, కీబోర్డు ఒకరికి. కీబోర్డు దగ్గర కూర్చున్నవాళ్లు గురి మార్చడం, క్షిపణి వదలడం, రేడియోలో మాట్లాడటం, దారి పటం చూడటం చేయాలి. ‘డీ’ నొక్కి ఓడకి ఎక్కడ దెబ్బ తగిలిందో చూసి బయటికి చదవాలి. ఓడ తిప్పేవాళ్లకి తెర మీది అంకెలు చూసే తీరిక ఉండదు. ఈ పంపకంలో మాట్లాడకుండా కూర్చోవడం కుదరదు. మిషన్‌కొకసారి కుర్చీలు మార్చుకోండి. చిన్నప్పుడు జాయ్‌స్టిక్ ఎవరి చేతిలో ఉండేదో మీకు గుర్తుంటుంది, మొదటి మిషన్ రెండోవాళ్లకి ఇవ్వండి.

అన్నయ్య పోయిన ఆదివారం వచ్చాడు. డ్రేమన్‌ని నేను ఒక్కదాన్నే గమ్యం చేర్చానంటే నమ్మలేదు, సేవ్ తెరిచి చూపించాను. తర్వాత జాయ్‌స్టిక్ నా ముందుకి జరిపి, కీబోర్డు తన ఒళ్లో పెట్టుకున్నాడు. నాలుగు మిషన్లు ఆడాం. రెండు పోయాయి. లోడ్ చేద్దామని ఒక్కసారే అన్నాడు.